అరవని డబ్బా

అద్దాలాయనకి భయం ఎక్కువ. ఈ మాట ఆయన ముందు అనరు గానీ, వెనకాల భార్య దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరూ అనేదే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈయన కీడెంచడం దగ్గరే ఆగిపోతాడు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, తాళం సరిగ్గా పడిందో లేదో అని వెనక్కి వచ్చి, నాలుగుసార్లు లాగి చూసి, అప్పుడు పనికి వెళ్ళే మనిషి. బస్సెక్కితే ముందు సీటు కోసం చూడడు, వెనక తలుపు ఎక్కడుందో చూస్తాడు.

పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టినవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. ఎడమ కంటి అద్దం, కుడి కంటి అద్దం చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. అవి మారిపోతే పెట్టుకున్నవాళ్ళకి ఉన్న మెట్టు లేనట్టూ, లేని మెట్టు ఉన్నట్టూ కనిపిస్తుంది. అందుకని అద్దం చేతిలోకి తీసుకోగానే మైనపు పెన్సిలుతో మూలన చిన్న గుర్తు పెడతాడు. గుర్తు పెట్టకుండా అద్దాన్ని బల్ల మీద దించిన రోజు ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కటి కూడా లేదు. కథంతా ఈ గుర్తు దగ్గరే ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ భయమూ ఈ పనితనమూ కలిసి ఆయనకొక సరదా పుట్టించాయి. ఇంట్లో ఒక మూల బల్ల వేసుకుని, టంకం పెట్టే కర్ర వేడి చేసుకుని, తీగలూ బిళ్ళలూ అతికించి ఏవేవో యంత్రాలు చేస్తాడు. చేసేవన్నీ అరిచేవే. ట్యాంకు నిండితే అరిచేది ఒకటి, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే అరిచేది ఒకటి, చినుకు పడగానే ఆరేసిన బట్టల కోసం అరిచేది ఇంకొకటి. "ఈ ఇంట్లో నోరు మెదపనిది నేనొక్కదాన్నే" అని భార్య వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది.

ఈ సరదా ఇప్పటిది కాదు. ఆయనకి ఏడేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒక ఏడాది తేడాలో పోయారు. అప్పటికి అక్కకి పంతొమ్మిది. ఆవిడ సాయంత్రాలు టైపు నేర్పే బడిలో పనిచేస్తుంటే, వీడు ఒంటి గదిలో తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవాడు. తలుపు చప్పుడైతే వచ్చింది అక్కో, ఇంకెవరో తెలియక గుండె దడదడలాడేది. ఒకరోజు టార్చిలైటు బ్యాటరీ, చిన్న బల్బు, రేకు ముక్క సంపాదించి, తలుపు తెరుచుకోగానే బల్బు వెలిగేలా అమర్చాడు. అక్క లోపలికి అడుగుపెట్టింది, మొహం మీద వెలుగు పడింది, తమ్ముడు నవ్వాడు. ఆవిడ ఆ రేకు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా చేశావురా. ఇక నాకు బెంగ లేదు" అంది.

ఆ మాట మళ్ళీ వినడానికే ఆయన ఇన్నేళ్ళుగా టంకం పెడుతున్నాడంటే అబద్ధం కాదు.

నెలకో ఆదివారం లైబ్రరీ మేడ మీద హాల్లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరతారు. కుర్రకారు దాన్ని మేకర్ల మీట్ అంటారు. ఆయన మాత్రం "బల్లలు" అంటాడు. "ఈ ఆదివారం బల్లలున్నాయి" అన్నాడంటే ఆరోజు ఇంటి పనేదీ చెప్పకూడదని అర్థం. గోడ వెంట పదిహేను బల్లలు వేసి, ఒక్కో బల్లకి ఒక్కో ప్లగ్గు ఇస్తారు. పాత ప్రింటరు విప్పి బొమ్మలు గీసే చెయ్యి చేసిన నర్సు, మొక్కకి దాహమైతే దీపం వెలిగే కుండీ చేసిన గుమస్తా, చచ్చిన రేడియోలకి ప్రాణం పోసే రేడియో మాస్టారు, అందరూ ఒక వరస. అక్కడ ఎవరూ ఉద్యోగం అడగరు. "మూత తీసి లోపల చూపిస్తారా?" అని అడుగుతారు. అద్దాలాయనని జన్మలో ఎవరూ ఇంత మర్యాదగా ఏదీ అడగలేదు.

కిటికీ పక్కనున్న ఆఖరి బల్లని "కాలినవాటి బల్ల" అంటారు. పొగ వచ్చినవి, పేలినవి, ఎంత తిట్టినా కదలనివి దానిమీద పెట్టి, ఎలా పాడైందో చేసినవాళ్ళే తమ నోటితో చెప్పాలి. జనం ఎక్కువగా మూగేదీ, నవ్వులు వినిపించేదీ అక్కడే. ఆరేళ్ళలో అద్దాలాయన ఆ బల్ల మీద ఒక్క వస్తువూ పెట్టలేదు. ఆ సంగతి తనంతట తాను ఎప్పుడూ ఎత్తడు గానీ, ఎవరైనా ఎత్తితే ఆపడు.

కింద చదువుకునేవాళ్ళుంటారు కనక లైబ్రరీ మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే, చప్పుడు కాకూడదు. అరిచేవి తప్ప ఇంకేమీ చెయ్యని మనిషికి ఇంతకన్నా ఇరకాటం ఏముంటుంది? అందుకని ప్రతిదాన్నీ రెండేసి చేస్తాడు. ఇంటికి అరిచేది, బల్ల మీదికి మూగది. మూగదాంట్లో బజర్‌కి వెళ్ళే తీగని బిళ్ళ అడుగున, మూత తీసినా కనబడని చోట కత్తిరించేస్తాడు. చప్పుడుండదు, ఎర్ర దీపం మాత్రం వెలుగుతుంది. రెండింటినీ ఒకే రకం తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లో బిగిస్తాడు. ఒకే చోట చిల్లు, ఒకే చోట దీపం, పక్కపక్కన పెడితే కవల పిల్లలే.

"ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ కూడా చీటీ అతికించుకుంటామండీ. వీటికి అతికిస్తే ఏం పోయింది?" అని భార్య ఎన్నిసార్లందో లెక్క లేదు.

"అందం పోతుంది. ఏది ఏదో నాకు తెలుసుగా" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇక అక్క సంగతి. రెండేళ్ళ కిందట ఆవిడకొక జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాసన తెలివిని కూడా తనతో పట్టుకుపోయింది. పువ్వు వాసనా, మాడు వాసనా ఆవిడకిప్పుడు ఒకటే. ఊరికి అవతలి వైపు మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదంటుంది. వాసన పోయిన రోజు నుంచి ఆవిడకొక కట్టుబాటు. స్టవ్ ఆపగానే ఒక చేత్తో గట్టు అంచు పట్టుకుని, కిందికి వంగి, సిలిండర్ మీద రెగ్యులేటర్ కట్టేస్తుంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. వంగేటప్పుడు ఒక మూలుగు, లేచేటప్పుడు రెండు. రోజుకి ఆరేడుసార్లు. తమ్ముడు అది చూసినప్పుడల్లా తన మోకాళ్ళే నొప్పెట్టినట్టు మొహం పెట్టేవాడు.

అందుకని రెండు నెలలు కూర్చుని గ్యాస్ డబ్బా చేశాడు. గాలిలో గ్యాస్ కాస్త కలిసినా పసిగట్టి అరిచే డబ్బా. బల్ల మీద దాన్ని ఎన్ని రకాలుగా పరీక్షించాలో అన్ని రకాలుగా పరీక్షించాడు. అలవాటు ప్రకారం రెండు చేశాడు. శనివారం మధ్యాహ్నం రెండింటినీ మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచి, అరిచేది కుడివైపు, మూగది ఎడమవైపు పెట్టాననుకున్నాడు. కుడివైపుది సంచిలో వేసుకుని అక్క ఇంటికి బస్సెక్కాడు.

గ్యాస్ బరువు కదా, కిందికే దిగుతుంది. అందుకని డబ్బాని వంటగట్టు కింద, సిలిండర్ పక్కన, మోకాలి కన్నా దిగువన గోడకి బిగించాడు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని చూసింది.

"ఇది అరుస్తుందా?"

"అలా ఇలా కాదు, మూడంతస్తులూ లేస్తాయి. స్టవ్ కట్టడం మర్చిపోయినా, పాలు పొంగి మంట ఆరిపోయినా ఇదే చెబుతుంది. ఇక నువ్వు వంగక్కర్లేదక్కా."

"నిజంగా వంగక్కర్లేదంటావా?"

"నేను చెబుతున్నాగా."

ఆవిడ డబ్బాని ఒకసారి, తమ్ముణ్ణి ఒకసారి చూసింది. "అయితే ఇక నాకు బెంగ లేదు" అంది.

ఆయన చెవుల్లో ఇంకా ఆ మాటే మోగుతుండగా ప్లగ్గు పెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కరెంటు వచ్చినా లోపలి సెన్సర్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వేడెక్కాక లైటర్ గ్యాస్ చూపించి పరీక్షించాలి. పావుగంట చూశారు. రాలేదు. ఆయనకి మర్నాటి బల్ల గుర్తొచ్చింది. దానిమీద పెట్టే అట్ట ఇంకా రాయలేదు.

"కరెంటు రాగానే అదే మొదలవుతుందిలే. రేపు బల్లలు అవగానే వచ్చి అరిపించి చూపిస్తాను" అని లేచాడు.

వీధి చివరికి వచ్చేసరికి వెనక కిటికీల్లో దీపాలు వెలిగాయి. వెనక్కి వెళ్దామా అనుకుని ఒక అడుగు వేశాడు కూడా. బస్సొచ్చింది, ఎక్కేశాడు. తాళం కోసం వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చే మనిషి, దీనికోసం వెనక్కి వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున పదిన్నరకి లైబ్రరీ హాలు నిండింది. ఆయన బల్ల ముందు ఏడెనిమిది మంది నిలబడ్డారు. డబ్బా అప్పటికే వేడెక్కి ఉంది. మూత తీసి లోపల ఏది ఏమిటో చెప్పి, మళ్ళీ మూసి, "ఇప్పుడు చూడండి, చప్పుడేమీ రాదు, దీపం వెలుగుతుంది" అంటూ సిగరెట్ లైటర్ని వెలిగించకుండా గ్యాస్ మాత్రం డబ్బా చిల్లు దగ్గర వదిలాడు.

డబ్బా కేక పెట్టింది.

చిన్న కేక కాదు. హాల్లో అందరూ చెవులు మూసుకున్నారు. కింద కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఎవరో పెద్దగా నవ్వారు. ఆయన ప్లగ్గు పీకేశాడు. మెట్ల మీద లైబ్రరీ మేడమ్ పెదాల మీద వేలు పెట్టుకుని కనిపించింది.

"మీరేనా? మీ నుంచి నేనిది అనుకోలేదు" అందామె, కోపంగా కాదు.

ఆయనకి మొదట సిగ్గేసింది. చెవులు ఎర్రబడ్డాయి, క్షమించమనడానికి నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇది ఇక్కడ అరిచింది. అంటే అరవాల్సినచోట ఉన్నది అరవదు.

పక్క బల్ల దగ్గరున్న రేడియో మాస్టారు ఆయన మొహం చూసి దగ్గరికొచ్చాడు. "ఏమైందండీ? దీనికే అంత కంగారా?"

"మాస్టారూ, అరిచేది ఇక్కడుంది. మూగది మా అక్క వంటింట్లో ఉంది. ఆవిడకి వాసన తెలీదు. రెగ్యులేటర్ కట్టక్కర్లేదని నిన్న నేనే చెప్పొచ్చాను."

మాస్టారు జేబులోంచి స్కూటర్ తాళం తీశాడు.

ఆయన మెట్లు దిగుతూనే అక్కకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. మూడోసారి చెయ్యబోయి, ఫోన్ వంటింట్లో ఉంటుందేమో, మోగితే ఏమవుతుందో అని భయపడి మానేశాడు. భార్యకి చేశాడు.

"అక్క ఇంటి తాళంచెవి మన దగ్గరొకటుంది కదా. అది తీసుకుని వెంటనే అక్కడికి రా. ఆటోలో రా."

"వదినకేమైందండీ?"

"ఏమీ కాలేదు. ఏమో. డబ్బాలు మారిపోయాయి."

"బయల్దేరుతున్నాను" అని పెట్టేసింది. చీటీల మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టుంటే బాగుండేదనిపించింది ఆయనకి.

సెలవు రోజయినా రోడ్లు ఖాళీగా లేవు. ఒకచోట పైపుల కోసం రోడ్డంతా తవ్వి పోశారు. ఆయన స్కూటర్ వెనక సీటు మీద కూర్చున్నాడు. చేతిలో అరిచే డబ్బా అలాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ఎంచిన కీడులకి అంతు లేదు. తాళం పడి ఉండదని, ట్యాంకు పొంగుతుందని, బస్సు తలుపు తెరుచుకోదని. అన్నీ ఉత్తవే అయ్యాయి. ఈసారి కీడు ఆయన ఎంచింది కాదు, చేసింది.

దీపం ఉందిగా, అనుకున్నాడు. మూగదానికి దీపం వెలుగుతుంది. ఎర్ర దీపం చూస్తే అక్కకి అనుమానం రాదా? వస్తుంది, ఎందుకు రాదు. ఆవిడ కళ్ళజోడు తనే చేశాడు, చూపుకేం లోటు లేదు. కాస్త ఊపిరి తీసుకునేలోపు ఇంకో సంగతి గుర్తొచ్చింది. డబ్బా ఉన్నది గట్టు కింద, మోకాలి కన్నా దిగువన. నిలబడినవాళ్ళకి కనబడదు. వంగితేనే కనబడుతుంది. వంగక్కర్లేదని చెప్పిందెవరు?

"కాస్త తొందరగా మాస్టారూ" అన్నాడు. అది ఆయన నోట్లోంచి వచ్చినట్టు ఆయనకే తెలియలేదు.

"తొందరగానే వెళ్తున్నానండీ" అన్నాడు మాస్టారు మెల్లిగా.

ఇల్లు రాగానే మాస్టారుని కిందే ఉండమని, మెట్లు రెండేసి ఎక్కాడు. మూడో అంతస్తు మలుపులో ముక్కుకి వాసన తగిలింది. పలచగానే ఉంది, కానీ గ్యాసే. పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు దగ్గరికి ఒక్క ఉదుటున చేరి బెల్లు మీద వేలు పెట్టబోయాడు. అది కూడా తను చేసిన బెల్లే. నొక్కితే లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుందని ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. వేలు గాల్లోనే ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పిడికిలితో తలుపు బాదాడు.

"అక్కా. అక్కా, నేను."

మళ్ళీ బాదాడు, ఈసారి రెండు చేతులతో. భార్య తాళంచెవితో ఎప్పటికొస్తుందో. తలుపు విరగ్గొట్టాలంటే దేనితో విరగ్గొట్టాలి? ఇంతలో లోపల్నుంచి చెప్పుల చప్పుడు వినబడింది. నెమ్మదిగా, ఒక కాలు ఈడుస్తూ, ఆయనకి ఇట్టే తెలిసిపోయే నడక.

తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో స్టవ్ వెలిగించే లైటర్ ఉంది.

"ఏమిట్రా ఆ బాదడం? బెల్లుందిగా" అంది.

ముందు ఆ లైటర్ తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అక్కని రెక్క పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. "ఏ స్విచ్చూ ముట్టుకోలేదు కదా?" అని అడిగి, ఆవిడ తల అడ్డంగా ఊపాక, లోపలికి వెళ్ళి స్టవ్ కట్టి, వంగి రెగ్యులేటర్ తిప్పి, కిటికీలన్నీ బార్లా తెరిచాడు. గట్టు కింద డబ్బా తన పని తాను చేస్తోంది. ఎర్ర దీపం నిండుగా వెలుగుతోంది. ఎంతసేపట్నుంచి వెలుగుతోందో దానికే తెలియాలి.

బయటికి వచ్చేసరికి భార్య తాళంచెవి పట్టుకుని మెట్ల మీద రొప్పుతూ నిలబడి ఉంది. వదినని చూసి గోడకి ఆనుకుంది. ముగ్గురూ మెట్ల మీదే కూర్చున్నారు.

"పాలు సన్న మంట మీద పెట్టాను" అంది అక్క. "ఇదివరకైతే పక్కనే నిలబడి ఉండేదాన్ని. నీ డబ్బా ఉందిగా అని బాల్కనీ తలుపు వేసుకుని, మోకాళ్ళకి ఎండ తగిలేలా కూర్చున్నాను. పొంగి మంట ఆరితే అదే అరుస్తుందన్నావుగా. అరవలేదు. ఇంకా పొంగలేదు కాబోలనుకున్నాను. ఎంతకీ అరవకపోతే లేచి వచ్చి చూశాను, మంట లేదు. మళ్ళీ వెలిగిద్దామని లైటర్ తీశాను. ఇంతలో నువ్వు తలుపు బాదావు."

"ఫోన్ ఎత్తలేదేం?"

"పడకగదిలో ఉన్నట్టుంది."

తమ్ముడి మొహం చూసి ఆవిడకి జాలేసింది. "నిన్న కరెంటు పోయింది కదరా. దానికింకా సరిగ్గా వేడెక్కలేదేమో. రోజు కూడా కాలేదుగా. నీ తప్పేముంది?" అంది.

ఎంత సుళువైన మాట. అవునక్కా అంటే అయిపోయేది. సెన్సర్ సంగతి ఆవిడకేం తెలుసు? సాయంత్రం ఎవరూ చూడకుండా డబ్బా మార్చేస్తే, ఆరేళ్ళ పేరూ, నలభై ఏళ్ళ నమ్మకమూ ఎక్కడివక్కడే ఉండేవి. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. భార్య చేతిలోని తాళంచెవిని తిప్పుతూ ఉంది.

"వేడెక్కింది అక్కా. గ్యాస్‌ని పసిగట్టింది కూడా. దానికి నోరు లేదు, అంతే. నీకు తేవాల్సింది లైబ్రరీకి పట్టుకెళ్ళాను, లైబ్రరీకి పట్టుకెళ్ళాల్సింది నీకు తెచ్చాను. రెంటికీ గుర్తు పెట్టలేదు. నిన్న ఇంకో పావుగంట ఆగుంటే తెలిసేది. ఆగలేదు."

యాభై దాటిన మనిషి, మెట్ల మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

అక్క అడిగింది, "మరి దీపం వెలిగిందా?"

"వెలిగింది."

"ఎక్కడ?"

"కింద. గట్టు కింద."

"అంటే వంగి ఉంటే కనిపించేది."

ఆయన తల ఊపాడు.

"నన్ను వంగొద్దన్నావు కదరా" అంది అక్క.

సాయంత్రం అరిచే డబ్బాని అదే చోట బిగించాడు. సెన్సర్ వేడెక్కేదాకా దాని ముందు నేలమీద కూర్చున్నాడు. మూడుసార్లు అరిపించాడు. మూడోసారికి కింది అంతస్తువాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. మైనపు పెన్సిలుతో మూత మీద పెద్ద గుర్తు పెట్టాడు. అంత చేశాక, అక్క టీ పెట్టి, దింపి, స్టవ్ ఆపి, ఒక చేత్తో గట్టు అంచు పట్టుకుని వంగబోయింది.

"నేను కడతాను వదినా" అంటూ ఆయన భార్య ముందుకొచ్చింది.

"వద్దమ్మా. అరిచేది అరుస్తుంది. నేను వంగేది నేను వంగుతాను."

వంగేటప్పుడు ఒక మూలుగు, లేచేటప్పుడు రెండు. ఆయన వద్దనలేదు. వద్దనే హక్కు తనకి పోయిందని తెలుసు. మోచెయ్యి మాత్రం పట్టుకున్నాడు.

ఆ తర్వాత టంకం కర్ర అటకెక్కింది. మూగ డబ్బా, ఇంట్లో అరిచేవన్నీ కూడా దాంతోపాటే ఎక్కాయి. ఇంట్లో ట్యాంకు నిండితే చెప్పే దిక్కు లేక నీళ్ళు రెండుసార్లు మేడ మీంచి వీధిలోకి కారాయి. ఆ అరుపులు ఆగిపోయిన ఇల్లు భార్యకి కూడా బాగాలేదు. ఆయన రోజుకి మూడుసార్లు అక్కకి ఫోన్ చేసేవాడు.

"రెగ్యులేటర్ కట్టావా?"

"కట్టాను. నువ్వు అద్దాలకి గుర్తు పెట్టావా?"

"పెట్టాను."

"అయితే ఇద్దరం బాగానే ఉన్నాం. పెట్టెయ్."

నెల తిరిగి వచ్చేస్తుండగా ఒకరోజు ఆవిడే అడిగింది. "ఆ మూగదాన్ని ఏం చేశావు?"

"అటక మీద పడేశాను."

"నా దగ్గర టైపు నేర్చుకునేవాళ్ళలో కొందరు తప్పు పడిన కాగితం ఎవరికీ కనబడకుండా ఉండ చుట్టి కిటికీలోంచి పారేసేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే అక్షరం దగ్గర అదే తప్పు కొట్టేవాళ్ళు." కాస్త ఆగి అంది, "ఆదివారం బల్లలున్నాయి కదూ?"

ఆదివారం ఆయన లైబ్రరీ మెట్లెక్కేసరికి అందరూ పలకరించారు. అక్కగారు ఎలా ఉన్నారని రేడియో మాస్టారు అడిగాడు. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. సరాసరి కిటికీ పక్కకి, కాలినవాటి బల్ల దగ్గరికి వెళ్ళాడు. నర్సు గారి మాడిన మోటారు పక్కన కాస్త చోటు చేసుకుని, ఒక అట్ట మాత్రం నిలబెట్టాడు. డబ్బాని బల్ల మీద పెట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కింద కాలికి, అక్క వంటింట్లో ఎంత ఎత్తులో ఉండేదో సరిగ్గా అంతే ఎత్తులో కట్టాడు. వేడెక్కేదాకా ఆగి, లైటర్ గ్యాస్ కొంచెం వదిలాడు. పైన నిలబడినవాళ్ళకి ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు.

"ఏదండీ, ఏమీ లేదే?" అన్నాడు కుండీ గుమస్తా నవ్వుతూ. అలవాటు ప్రకారం నవ్వడానికి ఇంకో పదిమంది చేరారు.

ఆయన అట్ట చూపించాడు. దానిమీద మైనపు పెన్సిలుతో "వంగి చూడండి" అని రాసి ఉంది.

లైబ్రరీ మేడమ్ ముందుకొచ్చింది. ఆమెకీ మోకాళ్ళ నొప్పులే. ఒక చెయ్యి బల్ల అంచు మీద ఆనించి, మెల్లిగా వంగి చూసింది. "ఎర్ర దీపం వెలుగుతోంది" అంది కిందనుంచి. "ఇది దేనికి?"

అద్దాలాయన గొంతు సవరించుకుని, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.